మేకుతో బిగించిన చైన్

ఫిబ్రవరి 10, సోమవారం

దీవెన దగ్గర్నుంచి పార్సిల్ వచ్చింది. పుట్టినరోజుకు చొక్కా పంపిందేమో అని ఆశగా విప్పాను. లోపల సామాను బిగించి పట్టే వైస్‌కు బొమ్మ లాంటిది ఒకటి ఉంది. గుప్పెడంత ఇనుప ముక్క, దానికి చైన్ కూర్చునేలా పళ్ళు, ఒక చివర తిప్పే పిడి. చైన్ పిన్నులు తీయడానికి, మళ్ళీ దించడానికట. దానితో పాటు గేరు సైకిళ్ళ సన్న చైన్ల చివర్లు కలిపే లాకులు నాలుగు జతలు.

ఫోన్ చేసి "నాన్నా, ఇంక సుత్తి పట్టుకోవద్దు. పిడి తిప్పితే చాలు" అంది. నా కూతురు కర్నూలులో నర్సు. సూదులు వేయడం నేర్చుకుంది కదా, ఇక సైకిలు పని కూడా నాకు నేర్పుతుంది. గుడ్డు వచ్చి పిల్లను వెక్కిరించినట్టుంది.

నలభై ఏళ్ళుగా ఓర్వకల్లు రోడ్డులో ఈ మిట్ట కింద సైకిల్ షాపు పెట్టుకుని ఉన్నాను. మా నాయన ఏసన్న నాకు ఇచ్చిన ఆస్తి రెండు వస్తువులు, ఒక గాలిపంపు, ఒక మేకు. అంగట్లో దొరికే మేకు కాదు. ఎద్దులబండి ఇరుసు చీలను కమ్మరి చేత సాగగొట్టించి, రాతి మీద నూరి నూరి సన్నం చేసినది. పాత నల్ల సైకిళ్ళ చైన్‌కు లాకు ఉంటుంది, స్క్రూడ్రైవర్‌తో ఎగదోస్తే ఊడి వస్తుంది. గేరు సైకిలు చైన్‌కు లాకు వేసి రాదు. దానికి మేకు. చైన్‌ను నట్టు మీద పెట్టి, మేకు పిన్ను మీద ఆనించి ఒక్క దెబ్బ వేస్తే పిన్ను కింద ఉంటుంది. తిప్పి ఇంకో దెబ్బ వేస్తే మళ్ళీ లోపలికి పోతుంది. అంతే పని. దానికి బొమ్మలెందుకు?

ఈ డైరీ కూడా దీవెన ఇచ్చినదే, క్రిస్మస్‌కు. ఇన్నాళ్ళు ఖాళీగా పెట్టాను. ఇవాళ కోపం వచ్చింది కనుక మొదలుపెట్టాను. మా చర్చి సంఘం సెక్రెటరీగా పన్నెండేళ్ళు మినిట్స్ రాసిన చెయ్యి నాది. అయినా గీత వంకర పోతోంది. పెన్ను బాగాలేదు.

ఫిబ్రవరి 12, బుధవారం

పెన్ను మార్చాను. ఇదీ అంతే.

ఫిబ్రవరి 15, శనివారం

హోటల్ శివన్న టీ గ్లాసు అంచుదాకా పోస్తాడు. ఒలకక ఏం చేస్తుంది? పైగా "ఏమప్పా జయపాలూ, చెయ్యి ఒణుకుతాంది, షుగరు చూపిచ్చుకో" అని నలుగురి ముందు అన్నాడు. వాడి టీలో ఉన్నంత షుగరు నా ఒంట్లో లేదు. రేపటి నుంచి అక్కడ తాగను.

ఫిబ్రవరి 18, మంగళవారం

పొద్దున్నే నాగలత వచ్చింది. మా వీధి చివర మహానంది, గిడ్డమ్మల కూతురు. కొత్త ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పనికి పోతోంది. ఆరు కిలోమీటర్ల దూరం. పని ఏడుకు మొదలవుతుంది, మొదటి బస్సు ఎనిమిదికి వస్తుంది. అందుకని ఎయిర్‌పోర్టులో పనిచేసే ఎవరో వదిలించుకున్న గేరు సైకిలు కొనుక్కుంది. ఊళ్ళో గేరు సైకిలు తొక్కే ఆడపిల్ల ఆమె ఒక్కతే. పడి కాలో చెయ్యో విరగ్గొట్టుకుంటావని మహానంది మొదటి రోజు నుంచీ గొణుగుతూనే ఉన్నాడు.

"మామా, చైన్ ఎగురుతాంది. బిన్నా చూడు, నాకు టైమైతాంది."

రెండు లింకులు వంగి ఉన్నాయి. వాటిని తీసేసి కలపాలి. నేను మేకు తీస్తుంటే అటక మీద డబ్బా చూసింది.

"ఆ మిసనేంది మామా?"

"దీవెన పంపిచ్చింది. చూసుకునేదానికి."

పది నిమిషాల్లో అయిపోయింది. గ్రీజు పూశాను.

"ఎప్పుడూ నూనె పోస్తాంటివి గదా, ఈ పొద్దు గ్రీజేంది? ప్యాంటుకు అంటుకుంటాది."

"గ్రీజే మంచిదిలే. పోమ్మా, టైమైతాందంటివి."

పోయింది. పని బాగా కూర్చుంది.

పని బాగానే కూర్చుంది.

ఫిబ్రవరి 24, సోమవారం

నాగలత పడిపోయింది.

ఆరున్నరకు షాపు తలుపులు తీస్తున్నాను. నా ముందు నుంచే పోతూ చెయ్యి ఊపింది. మిట్ట ఎక్కేటప్పుడు ఎప్పటిలాగే సీటు మీద నుంచి లేచి, నిలబడి తొక్కుతోంది. టప్ అని చప్పుడు వచ్చింది. హ్యాండిల్ మీదుగా ముందుకు పడింది.

నేను ఎలా పరుగెత్తానో నాకే తెలియదు. గడ్డం చీలి రక్తం కారుతోంది. ఎడమ చెయ్యి ఉండాల్సిన తీరులో లేదు. భుజాన వేసుకుని మిట్ట దిగాను. ఆటో ఆపి, తల ఒళ్ళో పెట్టుకుని కర్నూలు తీసుకుపోయాను. దారి పొడుగునా ఒకటే మాట అంటోంది.

"పెడల్ తప్పింది మామా. నా కాలు జారినట్టుంది. నాకే తొక్కను రాల్యా."

ఊరుకోమ్మా, మాట్లాడకు అన్నాను.

మణికట్టు విరిగింది. గడ్డానికి ఐదు కుట్లు. ఆరు వారాలు కట్టు ఉంచాలన్నారు. మధ్యాహ్నం తిరిగి వచ్చి సైకిలు వాళ్ళ ఇంట్లో పెట్టాను. తెగిన చైన్ రోడ్డు మీద పడి ఉంటే తీశాను. ఎవరి టైరులోనైనా గుచ్చుకుంటుందని తీశాను. అందుకే తీశాను.

ఫిబ్రవరి 25, మంగళవారం

ఇప్పటి కంపెనీలు చైన్లు రేకుతో చేస్తున్నాయి. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు చెప్పడం కాదు, నిజంగానే రేకు. మా నాయన కాలం చైన్‌తో బావిలో బకెట్టు తోడుకునేవాళ్ళు.

ఫిబ్రవరి 27, గురువారం

చైన్ పాత ట్యూబుల డబ్బాలో వేశాను. అడుగున.

మార్చి 2, ఆదివారం

నెల మొదటి ఆదివారం. మా గుడిలో ప్రభు సంస్కారం, అంటే రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే రోజు. దానికంటే ముందు సాక్ష్యాలు. ఎవరికి ఏ మేలు జరిగినా లేచి సంఘం ముందు చెప్పుకుంటారు. ఇవాళ ఎవరూ పిలవకుండానే విశ్వాసమ్మ లేచింది. ముప్పై ఐదేళ్ళ కాపురంలో నా గురించి అది నలుగురిలో మంచి మాట చెప్పడం ఇదే మొదటిసారి.

"ఆ పిల్ల మన సంఘం పిల్ల గాదు. అయినా మా ఆయన భుజాన ఏసుకోని మిట్ట దిగినాడు. చొక్కా అంతా రగతం. ఆ పొద్దు దేవుడు మా ఆయనను ఆడ నిలబెట్టకపోతే ఆ పిల్ల గతి ఏంది?"

అందరూ ఆమెన్ అన్నారు. నా పేరు మీద కృతజ్ఞత కానుక కూడా వేసింది. సెక్రెటరీని నేనే గనక కానుకల పేర్లు చదవాల్సింది నేనే. నా పేరు నేనే చదువుకున్నాను. కాగితం కదులుతుంటే అక్షరాలు ఆగలేదు. ఫ్యాను గాలి.

సంస్కారానికి అందరూ బల్ల దగ్గరికి పోయారు. నేను పోలేదు. కడుపు నొప్పి అన్నాను. మనసులో ఒకటి దాచుకుని ఆ రొట్టె తినకూడదు. చిన్నప్పటి నుంచి మాకు నేర్పింది అదే. విశ్వాసమ్మ వెనక్కి తిరిగి రెండుసార్లు చూసింది.

మార్చి 6, గురువారం

గిడ్డమ్మ గిన్నె నిండా పూర్ణం పెట్టిన ఓళిగలు తెచ్చింది. నెయ్యి కారుతున్నాయి. "అన్నా, నువ్వు లేకుంటే నా బిడ్డ లేదు" అని నా చేతులు పట్టుకుని ఏడ్చింది. నా చేతులే పట్టుకుని.

"పాప ఎట్లుండాది?" అన్నాను.

"ఒంటికి బాగుండాది. మనసుకే బాగలేదు. వాళ్ళ నాయన సైకిలు అమ్మేస్తానంటాండాడు. ఆడపిల్ల నిలబడి తొక్కితే పడక ఏమైతాది అంటాడు. అది గూడ అవునంటాది. నాకు రాదులే మ్మా, అమ్మేయమను అంటాది."

"మరి పని?"

"సైకిలు లేకుంటే పనేడుంది అన్నా? కాంట్రాక్టరు ఏప్రిల్ పదో తేదీ దంకా చూస్తానన్నాడంట. ఆపైన వేరేవాళ్ళను పెట్టుకుంటాడు."

గిడ్డమ్మ పోయాక విశ్వాసమ్మ ఒక ఓళిగ ఆకులో పెట్టి ఇచ్చింది. ఈస్టరు ముందు శ్రమదినాలు కదా, నాకు ఉపవాసం అన్నాను. గత ఏడాది వరకు శ్రమదినాల్లో కోడికూర వాసనకు వీధి మొదట్లోనే ఆగిపోయేవాడిని అని అది గుర్తు చేసింది.

మార్చి 7, శుక్రవారం

నేను చెప్పినంత మాత్రాన విరిగిన చెయ్యి అతుక్కుంటుందా?

మార్చి 11, మంగళవారం

మహానంది సైకిలు నడిపించుకుంటూ వచ్చాడు. స్టాండు వేసి బీడీ ముట్టించాడు.

"ఏమప్పా జయపాలూ, ఇంగ ఈ పీడ నువ్వే వదిలియ్యాల. ఎవురన్నా కొనేటోళ్ళు ఉంటే చూడు. పడినప్పుడు చైన్ గూడ యాడనో పాయ. కొత్తది ఏసి అమ్ము."

"తొందరెందుకు? కట్టు ఇప్పినాక చూద్దాంలే."

"ఇప్పినాక మళ్ళా ఎక్కుతాది. వద్దు. నేను ముందే చెప్పినా, ఇనిందా? ఇప్పుడు తనే అంటాంది, నాయనా నువ్వు చెప్పిందే నిజం అని."

ఆ మాట చెప్పేటప్పుడు వాడి మొహంలో ఎంత తృప్తి. తిట్టాలనిపించింది. ఏమని తిట్టాలి?

సైకిలు షాపులో నా కుర్చీకి ఎదురుగా ఉంది. కుర్చీ తిప్పి వేసుకున్నాను.

మార్చి 13, గురువారం

రాజంపేట నుంచి వచ్చిన మేస్త్రీ ఒకడు, రోడ్డు పనికి వచ్చినవాడు, ఆ సైకిలు అడిగాడు. ఫ్రేము వంగింది అన్నాను. వంగలేదు. గేర్లు పడవు అన్నాను. పడతాయి. బ్రేకులు కూడా అంతంతమాత్రమే అన్నాను. "మరి ఎందుకప్పా అమ్మకానికి పెట్టినావు?" అని నవ్వి వెళ్ళిపోయాడు.

ఒక అబద్ధాన్ని కాపాడడానికి ఇంకెన్ని చెప్పాలో. అంటే ఆ మొదటిది నేను నోటితో చెప్పానని కాదు. నన్నెవరూ అడగలేదు.

మార్చి 16, ఆదివారం

దీవెన వచ్చింది. గుడి అయ్యాక షాపుకు వచ్చి కూర్చుంది. పాత ట్యూబు ముక్క ఏదో కావాలని డబ్బాలో చెయ్యి పెట్టింది. నేను చూసుకోలేదు. చైన్ పైకి తీసింది.

నర్సు కళ్ళు. తెగిన చోటు వెలుతురులోకి పట్టుకుని చాలాసేపు చూసింది. బయటి రేకు పెదవిలా వంగి ఉంది. పిన్ను ఒక పక్క పొడుచుకుని వచ్చి, ఇంకో పక్క లోపలికి పోయి ఉంది.

"నాన్నా, ఇది దేంతో కొట్టినావు?"

"అది ఎప్పటిదో పాతది."

"పాతదానికి ఇంత గ్రీజు ఉంటాదా?"

నేను పంపు కడ్డీ తుడుస్తూ ఉన్నాను. చైన్ మళ్ళీ డబ్బాలో పెట్టింది, అడుగున కాదు, పైన. తరువాత అటక మీద నుంచి తను పంపిన పరికరం దించి బల్ల మీద పెట్టింది. విప్పిన కవరు కూడా అలాగే ఉంది. మూడు గంటల బస్సుకు పోయింది. పోయేటప్పుడు "చేతులు చూపించుకుందువు రా నాన్నా, నేనే తీసుకుపోతా" అంది.

చేతులు బాగానే ఉన్నాయి. అందరికీ నా చేతులే కనపడతాయి.

మార్చి 20, గురువారం

ఆ బొమ్మను ఇవాళ ముట్టుకున్నాను. ఎవరూ లేని మధ్యాహ్నం, తలుపు దగ్గరగా వేసి. నలభై ఏళ్ళ పనివాడు దొంగలా పని నేర్చుకోవాల్సి వచ్చింది.

మొదటిసారి పిడి తిప్పితే పిన్ను పూర్తిగా ఊడి కింద పడింది. మళ్ళీ ఎక్కించడం నా వల్ల కాలేదు. రెండోసారీ అంతే. మూడోసారి చైన్ పళ్ళలో సరిగ్గా కూర్చోకముందే తిప్పి రేకు వంచాను. "పనిమంతుడు పందిరి వేస్తే పిచ్చుకలు వచ్చి పడగొట్టాయి" అని నన్ను నేనే తిట్టుకున్నాను. ఐదోసారికి పట్టు దొరికింది. పిన్నును పూర్తిగా తోయకూడదు. చివరి రేకులో దారం మందం మిగిలి ఉండగా ఆపాలి. అప్పుడు లింకు విడిపోతుంది, పిన్ను మాత్రం తన ఇల్లు వదలదు. తిరిగి తిప్పితే నేరుగా తన చోటుకే పోతుంది. రెండు పక్కలా ఒకే మందం.

తరువాత ఇంకో ముక్క తీసి మేకుతో కొట్టి కలిపాను. రెండు ముక్కలనూ రెండు చేతులతో పట్టుకుని మెలివేశాను. పరికరంతో చేసింది కదలలేదు. మేకుతో కొట్టింది విడిపోయింది.

మళ్ళీ కొట్టాను. మళ్ళీ విడిపోయింది.

నాయన మేకు తప్పు కాదు. నాయన కొట్టిన చైన్లు ఏళ్ళ తరబడి తిరిగాయి. నేను ఇన్నేళ్ళు కొట్టినవీ తిరిగాయి. మేకు అదే, సుత్తి అదే. మరి మారింది ఏమిటి?

ఇక ఈ పూటకు చాలు. పెన్నులో ఇంకు కూడా అయిపోవచ్చింది.

మార్చి 26, బుధవారం

గుడి తాళం ఎక్కడో పెట్టి పాస్టరు అయ్యగారు మర్చిపోయి "ఎవరు తీశారు?" అని అడిగారు. నేను కాదండీ అని అందరికంటే ముందు నేనే అన్నాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు. ఆయన వింతగా చూశారు.

ఏప్రిల్ 2, బుధవారం

నాగలత వచ్చింది. నడిచి, ఎర్రటి ఎండలో. మెడలో కట్టు వేలాడుతోంది. గడ్డం మీద కుట్ల గుర్తు తెల్లగా పడింది.

"సైకిలు అమ్ముడుపోయిందా మామా?"

"ల్యా."

కాసేపు దాని సీటు మీద చెయ్యి వేసి నిలబడింది. మంచినీళ్ళు ఇచ్చాను, తాగలేదు.

"ఒకటి అడుగుతా, చెప్తావా? నువ్వు చూస్తాంటివి గదా ఆ పొద్దు. నాకు తప్పింది కుడికాలా, ఎడమకాలా?"

"ఎందుకమ్మా ఇప్పుడు?"

"తలుచుకుంటాండా రోజూ. ఏ కాలో తెలిస్తే ఆ కాలు సరిజేసుకుందును. నాకు గుర్తు రాలేదు. రెండు కాళ్ళూ పెడల్ మీదే ఉన్నట్టు ఉండాది. అది అయ్యేపనిగాదు గదా."

నోటి దాకా వచ్చింది. "నేను చూడలేదమ్మా" అన్నాను.

సరేలే మామా అని పోయింది. మిట్ట వైపు ఒకసారి చూసి, తల దించుకుని పోయింది.

నేను మనిషినేనా?

ఏప్రిల్ 3, గురువారం

ఈ డైరీ మొదటి నుంచి చదివాను. ఫిబ్రవరి పద్దెనిమిదిన "గ్రీజు పూశాను" అని రాశాను. ఎందుకు పూశానో రాయలేదు. ఎవరూ చదవని డైరీలో కూడా రాయలేదు.

ఇప్పుడు రాస్తున్నాను. ఆ పొద్దు నా చెయ్యి వణికింది. సుత్తి పక్కకు పడింది. పిన్ను వంకరగా దిగింది, రేకు పెదవిలా లేచింది. నేను చూశాను. విప్పి మళ్ళీ చేయాలని తెలుసు. పిల్లకు టైమవుతోంది అనేది సాకు. అటక మీద సరైన పరికరం ఉంది, సన్న లాకులు ఉన్నాయి, ఆ పిల్లే వేలు పెట్టి చూపించింది. అది దించితే నా చెయ్యి పోయిందని నేనే ఒప్పుకున్నట్టు. అందుకని వంకర కనపడకుండా గ్రీజు పూశాను.

చెప్తే మానం పోతుంది, చెప్పకుంటే ప్రాణం పోతుంది అంటారు. ఇక్కడ పోతున్న ప్రాణం నాది కూడా కాదు.

ఏప్రిల్ 4, శుక్రవారం

పొద్దున రొట్టెలు కొడుతున్నప్పుడు విశ్వాసమ్మకు చెప్పాను. అది రొట్టె కొట్టడం ఆపింది. పెనం మీది రొట్టె మాడింది.

"నన్ను సంగం ముందర నిలబెట్టి సాక్ష్యం చెప్పనిస్తివే. కూచోవే అని ఒక్క మాట అనకపోతివే. నోరు పడిపోయిందా?"

"పడిపోయింది."

"కానుక గూడ ఏసినా నీ పేరు మీద! దేవునికే లంచం ఇచ్చినట్టాయ."

మాడిన రొట్టె నా ముందు పెట్టి, తను వాకిట్లో కూర్చుని మంచిది తింది. న్యాయమే.

ఏప్రిల్ 5, శనివారం

తెగిన చైన్ గుడ్డలో చుట్టుకుని మహానంది ఇంటికి పోయాను. ముగ్గురూ ఉన్నారు. కూర్చోమన్నారు, కూర్చోలేదు. చైన్ అరుగు మీద పెట్టి, తప్పు నాదని, నేను సరిగా కలపనందుకే తెగిందని చెప్పాను.

మహానంది నవ్వాడు. నేను తిట్టుకు సిద్ధపడి పోయాను, నవ్వుకు కాదు.

"నీ మంచితనం తెల్సులేప్పా. పిల్లకు సైకిలు ఇప్పియ్యాలని నీ మీదేసుకుంటాండావు."

"అన్న దేవునట్లాంటోడు" అంది గిడ్డమ్మ. "కూచో అన్నా, టీ పెడతా."

"కాదమ్మా, నిజంగానే..."

"ఊరుకోప్పా. నలభై ఏండ్ల నుంచి ఊరి సైకిళ్ళన్నీ నీ చేతిలోనే. ఒక్కటన్నా తెగిందా?"

నలభై ఏళ్ళ మంచి పేరు. దాన్ని కాపాడుకోవడానికే ఇంత చేశాను. ఇప్పుడు అదే నన్ను నిజం చెప్పనివ్వడం లేదు.

నాగలత మాత్రం నవ్వలేదు. చైన్ చేతిలోకి తీసుకుంది. తెగిన చోట వేలితో రుద్దింది. వేలికి నల్లగా అంటింది.

"ఆ పొద్దు గ్రీజు పూస్తివి" అంది.

"పూసినా."

"ఎప్పుడూ నూనె పోస్తాంటివి."

"పిన్ను వంకర పోయినాది. చెయ్యి ఒణికింది. అది నీకు కనపడకుండా పూసినా."

మహానంది నవ్వు ఆగిపోయింది. ఆ పిల్ల గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది.

"ఆరు వారాలు మామా. ఆరు వారాలు నా కాళ్ళనే తిట్టుకుంటి. నాకు చేతగాదు, మా నాయన చెప్పిందే నిజం అనుకుంటి. మొన్న నిన్ను అడిగితి, ఏ కాలు అని. చూడలేదంటివి."

"అంటి."

"చెయ్యి ఇరిగినందుకు నాకేం బాధ లేదు. ఆ మాట ఎందుకంటివి?"

ఆ పిల్ల చైన్‌ను మళ్ళీ గుడ్డలో చుట్టుకుంది. ఆమె లోపలికి పోయింది. మహానంది లేచాడు.

"లెయ్. నా గడప దిగు."

నేను నిలబడే ఉన్నాను, అయినా లెయ్ అన్నాడు. దిగాను. వీధిలోకి వచ్చాక గిడ్డమ్మ ఏడుపు వినపడింది. ఓళిగల గిన్నె ఇంకా మా ఇంట్లోనే ఉంది.

ఏప్రిల్ 6, ఆదివారం

సాక్ష్యాల సమయంలో లేచాను. పోయిన నెల నా భార్య చెప్పినదాంట్లో సగమే నిజం, మిగతా సగం నేను దాచాను అని మొదలుపెట్టాను. గ్రీజు వరకు అంతా చెప్పాను. ఎవరూ ఆమెన్ అనలేదు. అయ్యగారు పాట నంబరు చెప్పారు.

సంస్కారానికి లేవలేదు. సంఘానికి చెప్పడం వేరు, ఆ పిల్ల క్షమించడం వేరు. విశ్వాసమ్మ లేచి రెండడుగులు వేసి, తిరిగొచ్చి నా పక్కన కూర్చుంది. మా గుడిలో ఆడవాళ్ళు ఒక వైపు, మగవాళ్ళు ఒక వైపు. అయినా వచ్చి కూర్చుంది.

"నువ్వెందుకే?"

"నేను గూడ అబద్ధం సాక్ష్యం చెప్పినా గదా. ఆ పిల్ల మాట్లాడినాక ఇద్దరం కలిసే పోదాం."

మాడిన రొట్టె తరువాత అది నాతో మాట్లాడిన మొదటి మాట.

ఏప్రిల్ 7, సోమవారం

షాపు తీసేసరికి ఒక్క సైకిలూ లేదు. శివన్న హోటల్ ముందు నలుగురు నన్ను చూసి మాట ఆపారు. ఊరంతా తెలిసిపోయింది. తెలియనీ.

పదకొండు గంటలకు నాగలత తెగిన చైన్ గుడ్డలో పెట్టుకుని వచ్చింది. కట్టు విప్పారు. ఆ చెయ్యి సన్నగా, తెల్లగా, వేరే ఎవరిదో అన్నట్టు ఉంది. నమస్కారం లేదు, మామా అనలేదు.

"చైన్ ఉందా, కొత్తది?"

ఉంది. శుక్రవారమే తెప్పించి పెట్టాను.

"మా నాయన నీ తావికి పోవద్దన్నాడు. నేను వచ్చినా. నేనే ఏస్తా. నువ్వు చెప్పు."

కొత్త చైన్ ఎప్పుడూ పొడుగ్గా వస్తుంది. పాతదానితో కొలిచి తుంచాలి. రెండూ పక్కపక్కన వేలాడదీయడానికి గుంజకు ఏదైనా కొట్టాలి. నాయన మేకు తీసి ఇచ్చాను. సుత్తి కూడా తనకే ఇచ్చాను. మూడు దెబ్బల్లో దించింది. రెండు చైన్లూ దానికి తగిలించి చూసుకున్నాం.

"పాతదాంట్లో రెండు లింకులు నేను తీసినా. అవి కలిపి లెక్కేసుకో" అన్నాను.

పరికరం పళ్ళలో చైన్ పెట్టమని పట్టుకున్నాను. నా చేతిలో చైన్ గలగలమంది. గాలి లేదు, ఫ్యాను లేదు. ఇద్దరం ఆ చప్పుడు విన్నాం. ఆ పిల్ల నా చేతుల వైపు చూసింది, తరువాత నా మొహం వైపు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"సంవత్సరం పైనే."

"వదులు మామా. నేను పట్టుకుంటా."

విరిగి అతుక్కున్న చేత్తో చైన్ పట్టుకుని, మంచి చేత్తో పిడి తిప్పింది. నేను పక్కన కూర్చుని చెప్పాను. మెల్లగా, ఇంకొంచెం, దారం మందం ఉన్నప్పుడు ఆపు. ఆపింది. నాకు ఐదుసార్లకు వచ్చింది, ఆ పిల్లకు రెండోసారికి వచ్చింది. చివర్లు కలపడానికి దీవెన పంపిన లాకు వేసింది. నేను నూనె డబ్బా అందించాను. లింకుకు ఒక్కో చుక్క వేసి, గుడ్డతో తుడిచి, తుడిచిన చోట వంగి చూసింది. ప్రతి లింకూ చూసింది. చూడనీ అని కూర్చున్నాను.

"డాక్టరు ఏమన్నాడు?"

"బరువు ఎత్తొద్దన్నాడు. తొక్కొద్దని చెప్పలేదు."

ఎక్కింది. మిట్ట మొదట్లో కూర్చునే తొక్కింది. సగం దూరంలో వేగం తగ్గింది. అప్పుడు సీటు మీద నుంచి లేచి నిలబడింది. ఒక కాలు, ఇంకో కాలు. చైన్ చప్పుడు వింటూ రోడ్డు మధ్యలో నిలబడిపోయాను. వెనక లారీ హారన్ కొట్టి తిట్టి పోయింది. పైకి చేరాక వెనక్కి చూడలేదు. గంట ఒక్కసారి కొట్టింది.

అది నా కోసమో, ముందు ఏ గొర్రె అడ్డం వచ్చిందో నాకు తెలియదు.

ఏప్రిల్ 8, మంగళవారం

నాగలత ఆరున్నరకు పనికి పోయింది. చెయ్యి ఊపలేదు. బ్రేకు వేసి, కాలు నేల మీద ఆనించి "సాయంత్రం నూనె పోయాల, షాపు మూసొద్దు" అని చెప్పి పోయింది.

దీవెనకు ఫోన్ చేశాను. నా చేతులు వణుకుతున్నాయమ్మా, ఏడాదిగా వణుకుతున్నాయి, ఎప్పుడు రమ్మంటావు అన్నాను. రేపే నేను వచ్చి తీసుకుపోతా నాన్నా అంది.

అక్షరాలు ఈరోజు కూడా వంకరగానే వస్తున్నాయి. పెన్ను బాగానే ఉంది.